కదలని ముల్లు: ఆర్కిటిక్ చమురు బావుల దగ్గర తనిఖీ ఉద్యోగంలో నా అనుభవం

1995 జనవరి 8న కోనసీమలో పాశర్లపూడి దగ్గర తవ్వుతున్న 19వ నంబరు బావి ఎగదన్ని అంటుకున్నప్పుడు నేను ఎనిమిదో తరగతి చదువుతున్నాను. ఆ మంట 65 రోజులపాటు ఆరలేదు. మార్చి 15న దాన్ని ఆర్పేవరకు మా డాబా ఎక్కి చూస్తే రాత్రిపూట ఆకాశం ఒక పక్కంతా ఎర్రగా కనిపించేది. ఆ చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేయించినప్పుడు మా మేనత్తగారి కుటుంబం రెండు గేదెలను తోలుకుని మా ఇంటికి వచ్చి, మంట ఆరేదాకా మాతోనే ఉంది. ఒకనాటి సాయంత్రం మా నాన్నగారు అరుగు మీద కూర్చుని, ఆ వెలుగువైపే చూస్తూ, "అది పట్టు తప్పకముందే చూసి ఆపమని చెప్పే మనిషి ఒకడుంటాడు కదరా, ఉండాలి కదా" అన్నారు. ఆ మాటకు ఆయన జవాబు ఆశించలేదు. నేను మాత్రం దాన్ని మరచిపోలేదు.

ధన్‌బాద్‌లో పెట్రోలియం ఇంజనీరింగ్ చదివి, నరసాపురం, రాజమండ్రి ప్రాంతాల రిగ్గుల మీద కొన్నేళ్ళు పనిచేసి, ఆ తరువాత పై చదువుకు ఫెయిర్‌బ్యాంక్స్‌లోని అలాస్కా విశ్వవిద్యాలయానికి వెళ్ళాను. చదువయ్యాక ఉత్తర అలాస్కా చమురు క్షేత్రాలలోనే ఒక సర్వీసు కంపెనీలో బావుల మరమ్మతు పనుల మీద ఉన్నాను. 2016లో అలాస్కా ఆయిల్ అండ్ గ్యాస్ కన్జర్వేషన్ కమిషన్‌లో తనిఖీ అధికారిగా చేరాను. ఇది రాష్ట్ర ప్రభుత్వ సంస్థ. దీనికి ముగ్గురు కమిషనర్లు ఉంటారు. ఒకరు పెట్రోలియం ఇంజనీరు, ఒకరు భూగర్భ శాస్త్రవేత్త, ఒకరు ప్రజల తరఫు సభ్యులు. కార్యాలయం యాంకరేజ్‌లో ఉన్నా, మావంటి వాళ్ళ పని ఎక్కువగా బ్రూక్స్ పర్వతాలకు అవతల, ఆర్కిటిక్ సముద్రపు ఒడ్డున, నార్త్ స్లోప్ అనే మంచు మైదానంలో ఉంటుంది. కంపెనీలు తమ బావులను తామే పరీక్షించుకుంటాయి. ఆ పరీక్షలు జరిగేటప్పుడు పక్కన నిలబడి కళ్ళతో చూసి, చూసినదాన్ని ఫారంలో రాసి సంతకం పెట్టడం మా పని. చూడనిదాన్ని రాయకపోవడం కూడా అందులో భాగమేనని ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే అర్థమైంది.

యాంకరేజ్ నుంచి ఆ చమురు క్షేత్రాలకు మకాం లాంటి డెడ్‌హార్స్‌కు విమానంలో దాదాపు రెండు గంటలు. రోడ్డు మార్గం కూడా ఉంది. ఫెయిర్‌బ్యాంక్స్‌కు ఉత్తరాన మొదలయ్యే డాల్టన్ హైవే 414 మైళ్ళు సాగి డెడ్‌హార్స్‌లో ఆగిపోతుంది. నేను తనిఖీ అధికారిగా మొదటిసారి దిగింది డిసెంబరులో. అక్కడ నవంబరు చివరి వారంలో అస్తమించిన సూర్యుడు జనవరి మూడో వారం దాకా మళ్ళీ పైకి రాడు. మధ్యాహ్నం రెండు మూడు గంటలపాటు దక్షిణాన నీలంగా, కొంచెం గులాబి రంగుగా వెలుగు కనిపిస్తుంది, అదే పగలు. మకర సంక్రాంతి నాడు, అంటే మనవాళ్ళు సూర్యుడు ఉత్తరానికి తిరిగాడని పొంగలి వండుకునే రోజున, నేనున్న చోట సూర్యుడే లేడు. ఆ రోజు అమ్మ ఫోన్ చేసి, "ఏరా, తలంటుకున్నావా, ఏదైనా తీపి తిన్నావా" అని అడిగితే, సూర్యుడు ఇంకో నాలుగైదు రోజులకు వస్తాడమ్మా అని చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడకుండా ఉండి, "అయితే వచ్చిన రోజున చేసుకో" అంది. ఆ తరువాత ప్రతి ఏడూ, అక్కడ డ్యూటీలో ఉంటే, సూర్యుడు మొదటిసారి కనిపించిన రోజునే నా సంక్రాంతి.

చలి గురించి చెప్పాలంటే, మైనస్ 40 దగ్గర సెల్సియస్, ఫారెన్‌హీట్ కొలతలు రెండూ ఒకటవుతాయి కాబట్టి ఏ లెక్కలో చెప్పినా తేడా ఉండదు. ఆ చలిలో బాల్‌పెన్నులో సిరా కదలదు. అందుకని బయట రాసేదంతా పెన్సిలుతోనే. చేతి తొడుగు తీసి ఇనుప వాల్వును ముట్టుకుంటే చర్మం దానికి అతుక్కుంటుంది. బండి ఇంజను ఆపితే మళ్ళీ స్టార్టవుతుందన్న నమ్మకం లేదు గనుక, వేడి చేసే కరెంటు తీగకు తగిలించి ఉంచాలి, లేదా నడుస్తూనే ఉంచాలి. బండి ఎక్కడ ఆపినా ఇంజను కింద నూనె చుక్క టండ్రా నేల మీద పడకుండా పళ్ళెం లాంటి పరుపు పెట్టాలి. గాలి లేచి మంచు ఎగసిపడే రోజులను మూడు దశలుగా విభజిస్తారు. రెండో దశ ప్రకటిస్తే బండ్లు గుంపుగా, ఒకదాని వెనుక ఒకటి వెళ్ళాలి. మూడో దశలో ప్రాణం మీదికి వచ్చిన పని తప్ప ఎవరూ కదలరు. అలాంటి ఒక తుపానులో నేను ఒక రిగ్గు క్యాంపులో ముప్పై గంటలకు పైగా ఉండిపోయాను. బండి దిగే ముందు తెల్ల ఎలుగుబంటి ఉందేమోనని చుట్టూ లైటు వేసి చూడటం మొదట్లో భయంతో చేసేవాణ్ణి, తరువాత అలవాటైంది.

మా పనిలో రిగ్గుల దగ్గర ఎక్కువసార్లు చూసేది బ్లోఅవుట్ ప్రివెంటరు పరీక్ష. డ్రిల్లింగ్ జరిగేటప్పుడు లోపలి గ్యాసు గానీ చమురు గానీ అదుపు తప్పి పైకి తన్నితే, బావి నోటిని మూసేసే భారీ ఉక్కు వాల్వుల వరుస అది. పాశర్లపూడిలో ఏం జరిగిందో తెలిసిన మనిషికి దాని విలువ వేరే చెప్పనక్కర్లేదు. అన్వేషణ బావుల మీద ప్రతి 7 రోజులకూ, ఉత్పత్తి కోసం తవ్వే బావుల మీద ప్రతి 14 రోజులకూ దాన్ని పరీక్షించాలని నిబంధన. పరీక్షకు 24 గంటల ముందు కంపెనీ మాకు కబురు పెట్టాలి. వస్తామో రామో మేం చెబుతాం. ఆ కబురు సాధారణంగా పగటిపూట రాదు, వచ్చినా పరీక్ష మాత్రం పగటిపూట జరగదు. తవ్వకం ఏ లోతులో ఆగితే అప్పుడే పరీక్ష గనుక, అర్ధరాత్రి రెండింటికో, తెల్లవారుజామున నాలుగింటికో లేచి, నలభై మైళ్ళు మంచు రోడ్డు మీద పోయి, రిగ్గు మెట్లెక్కడం మామూలే.

అక్కడి రిగ్గులు మన గోదావరి జిల్లాల రిగ్గుల్లా తెరిచి ఉండవు. పైనుంచి కిందిదాకా గోడలు కట్టి, లోపల వేడిగాలి ఊదుతుంటారు. కొన్ని రిగ్గులు చక్రాల మీద ఒక బావి నుంచి పక్క బావికి వాటంతటవే జరుగుతాయి. లోపల, తవ్వేటప్పుడు బావిలోకి పంపే మట్టి ద్రవపు వాసన, డీజిలు వాసన, ఇనుము మీద ఇనుము పడే చప్పుడు మాత్రం నాకు నరసాపురంలో తెలిసినవే. పరీక్షలో ప్రతి వాల్వునూ ముందు తక్కువ ఒత్తిడితో, 250 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌన్లు) దగ్గర, తరువాత ఎక్కువ ఒత్తిడితో, మామూలు ఉత్పత్తి బావికైతే 3,500 పీఎస్‌ఐ దగ్గర, ఐదేసి నిమిషాలు నిలబెట్టి చూస్తాం. కారు టైరులో ఉండేది 30, 35 పీఎస్‌ఐ అని గుర్తుచేసుకుంటే ఆ ఒత్తిడి ఎంతో తెలుస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఎక్కువ ఒత్తిడి పరీక్షే కష్టమనుకుంటారు. నేను చూసిన వాటిలో చాలాసార్లు కారింది తక్కువ ఒత్తిడి దగ్గరే. పెద్ద ఒత్తిడి రబ్బరు సీలును తోసి గట్టిగా కూర్చోబెడుతుంది, చిన్న ఒత్తిడికి ఆ బలం ఉండదు. అరిగిన రబ్బరు దాని ముందే బయటపడుతుంది.

ఆ తరువాత అక్యుమ్యులేటర్ పరీక్ష. కరెంటు పోయినా ప్రివెంటర్లు మూసుకునేటట్టు నైట్రోజన్ సిలిండర్లలో దాచిన ఒత్తిడి అది. అన్ని వాల్వులనూ ఒకసారి ఆడించి, ఒత్తిడి ఎంతవరకు పడిందో, పంపులు వేశాక 200 పీఎస్‌ఐ పెరగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో, మొత్తం 3,000కు ఎన్ని సెకన్లలో చేరిందో చేతిగడియారం పెట్టి రాసుకుంటాం. గ్యాసు పసిగట్టే పరికరాలు, పైకొచ్చే ద్రవాన్ని అదుపులో వదిలే చోక్ వాల్వులు, మట్టి తొట్లలో మట్టం చూపే అలారాలు అన్నీ అయ్యేసరికి ఐదారు గంటలు.

ఇక్కడ ఒక విషయం మీద నాకు మొదటి ఏడాదంతా వాదనలు జరిగాయి. ఒక వాల్వు పరీక్షలో కారిందనుకోండి. వెంటనే గ్రీజు పెట్టి, రెండుసార్లు ఆడించి, మళ్ళీ ఒత్తిడి ఎక్కిస్తే నిలబడుతుంది. రిగ్గు సూపర్‌వైజరు వచ్చి, "ఇప్పుడు పాసయింది కదా, మొదటిది ఎందుకు రాయడం" అంటాడు. మా ఫారంలో ముందు ఫెయిలై, బాగుచేశాక పాసయిన దాన్ని ఆ రెండూ తెలిసేటట్టే రాయాలి. ఆ సూపర్‌వైజరు చెడ్డవాడు కాడు. తన రిగ్గు పేరు మీద ఒక ఫెయిల్ పడితే యాంకరేజ్‌లో ఎవరో ప్రశ్నిస్తారని అతని బాధ. నేను మాత్రం అతనితో ఒక మాటే చెప్పేవాణ్ణి: మీరు పది నిమిషాలలో బాగుచేయగలిగింది నేను ఈ వేళ ఇక్కడ ఉన్నందువల్ల, బావి తన్నే వేళకు ఆ పది నిమిషాలు దొరకవు. ఒకే రకం వాల్వు ఐదు రిగ్గుల మీద కారితే ఆ సంగతి ఆఫీసులో లెక్కలు చూసేవాళ్ళకు తెలియాలంటే, ఆ ఐదు చోట్లా ఎవరో ఒకరు మొహమాటపడకుండా రాసి ఉండాలి.

ఆ మొహమాటమే ఈ ఉద్యోగంలో చలికన్న కష్టమైనది. చాలా రిగ్గుల దగ్గరలో ఊరు లేదు, హోటలు లేదు. తుపాను వస్తే నేను తలదాచుకునేది నేను తనిఖీ చేసే రిగ్గు క్యాంపులోనే. అన్నం పెట్టేది వాళ్ళ వంటవాళ్ళే. వాళ్ళ బల్ల మీద కూర్చుని తిని, గంట తరువాత వాళ్ళ బావికి ఫెయిల్ రాయడం మన ఇళ్ళల్లో పెరిగినవాడికి అంత సులువు కాదు. ఉప్పు తిన్నాక ఆ ఇంటిని తప్పు పట్టకూడదని నేర్పిన ఇల్లు మాది. దీన్ని గురించి నాకు పని నేర్పిన సీనియర్‌ను అడిగితే ఆయన ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. మర్నాడు తనతో రిగ్గుకు తీసుకుపోయి, అక్కడ పనిచేసే కుర్రవాణ్ణి ఒకణ్ణి పలకరించి, వాడికి కొత్తగా పుట్టిన బిడ్డ ఫోటో అడిగి చూసి, నాకూ చూపించి, ఆ తరువాత మౌనంగా ప్రివెంటరు దగ్గరకు దిగాడు. ఆ వంటశాలలో తింటున్నది ఆ కుర్రవాడు కూడా. ఆ వాల్వు కింద పన్నెండు గంటలు నిలబడేది వాడే.

ఆ సీనియరు దగ్గర మరో అలవాటు చూశాను. పరీక్ష పాసయ్యాక కూడా ఆయన వెంటనే సంతకం చేసేవాడు కాదు. ఒత్తిడి వదిలేయమని చెప్పి, గేజు ముల్లు దానితోపాటు సున్నాకు దిగేదాకా చూసి, అప్పుడు పెన్సిలు తీసేవాడు. ఇది ఎందుకో నాకు మొదట అర్థం కాలేదు, ముసలితనపు చాదస్తం అనుకున్నాను. దాని అర్థం నాకు 2018 ఫిబ్రవరిలో, నేను ఒంటరిగా వెళ్ళిన ఒక ఇంజెక్షన్ బావి దగ్గర తెలిసింది.

ఇంజెక్షన్ బావి అంటే చమురు తీసే బావి కాదు. చమురు పొరలో ఒత్తిడి తగ్గకుండా నీటిని గానీ గ్యాసును గానీ కిందికి పంపే బావి. నీరు దిగే గొట్టం ట్యూబింగ్, దాని చుట్టూ ఉన్న పెద్ద గొట్టం కేసింగ్, ఆ రెంటి మధ్య గుండ్రటి ఖాళీ యాన్యులస్. ఆ ఖాళీలోకి ఏదీ రాకూడదు. వచ్చిందంటే ట్యూబింగో, ఆ ఖాళీని కింద మూసి ఉంచే ప్యాకరో కారుతున్నట్టు, కేసింగు తాను మోయవలసిన దానికన్న ఎక్కువ మోస్తున్నట్టు. ఈ ఖాళీలో చిక్కుకున్న ఒత్తిడి ఏం చేయగలదో ఆ ప్రాంతం వాళ్ళకు అనుభవమే. 2002 ఆగస్టులో నార్త్ స్లోప్‌లోని ప్రూడో బే చమురు క్షేత్రంలో ఒక బావిని తిరిగి ప్రారంభించినప్పుడు యాన్యులస్‌లో ఉన్న ద్రవం వేడికి వ్యాకోచించి, కేసింగు పగిలి, మంట లేచి ఒక కార్మికుడు తీవ్రంగా గాయపడ్డాడు. అందుకని ఇంజెక్షన్ బావుల యాన్యులస్‌లోకి బయటినుంచి ద్రవం పంపి ఒత్తిడి పరీక్ష చేస్తారు. 1,500 పీఎస్‌ఐ గానీ, ప్యాకర్ నిలువు లోతులో అడుగుకు పావు పీఎస్‌ఐ చొప్పున గానీ, ఏది ఎక్కువైతే ఆ ఒత్తిడి ఎక్కించి 30 నిమిషాలు చూడాలి. ఒత్తిడి పది శాతానికి మించి మారకూడదు, అంతేకాదు, మార్పు క్రమంగా నెమ్మదించి స్థిరపడుతున్నట్టు కనిపించాలి.

ఆ రోజు మైనస్ 38 డిగ్రీలు. బావి కొన్ని రోజులుగా మూసి ఉంది కాబట్టి బావి తల, అంటే నేల పైన ఉండే వాల్వుల భాగం, చల్లబడిపోయింది. ప్రతి బావి మీదా ఒక చిన్న రేకుల గది ఉంటుంది. పంపు ట్రక్కు గొట్టం లోపలికి తేవడానికి ఆ గది తలుపు తెరిచే ఉంచారు. ప్యాకర్ 7,000 అడుగుల లోతులో ఉంది, అంటే కావలసింది 1,750 పీఎస్‌ఐ. ట్రక్కు నుంచి, గడ్డకట్టకుండా మెథనాల్ కలిపిన ద్రవం పంపి, 1,820 దగ్గర ఆపి, ట్రక్కు వైపు వాల్వు మూశారు. యాన్యులస్‌కు రెండో పక్కన చిన్న గొట్టం ముక్కకు బిగించిన గేజు దగ్గర నేను లైటు పట్టుకుని నిలబడ్డాను. మొదటి రీడింగు 1,820. పదిహేను నిమిషాలకు 1,820. ముప్పై నిమిషాలకు 1,820.

ఆ బావి బాధ్యత చూసే పెద్దాయన, నా కన్న ఇరవై ఏళ్ళు అనుభవం ఎక్కువున్నవాడు, తృప్తిగా తల ఊపి, "ఇంతకన్న మంచి పరీక్ష దొరకదు" అన్నాడు. నాకు మాత్రం ఎక్కడో పట్టుకుంది. అప్పుడే పంపిన చల్లటి ద్రవం కింద ఉన్న వెచ్చటి ద్రవంతో కలుస్తున్నప్పుడు, లోపల కాస్తో కూస్తో గాలి కరుగుతున్నప్పుడు, మంచి బావిలోనైనా ముల్లు ఐదో పదో కదులుతుంది, తగ్గడమో పెరగడమో చేస్తుంది. నేను అప్పటికి చూసిన అలాంటి పరీక్షలు వందకు పైనే. ముప్పై నిమిషాలలో వెంట్రుకవాసి కూడా కదలని ముల్లును అంతకు ముందు చూడలేదు.

ఒత్తిడి వదలమన్నాను. ట్రక్కు వైపు వాల్వు తెరిచారు. ద్రవం తిరిగి ట్రక్కు తొట్టిలోకి వచ్చింది, ట్రక్కు గేజు సున్నాకు పడింది. నా ఎదురుగా ఉన్న గేజు మాత్రం 1,820 చూపిస్తూనే ఉంది.

కొన్ని క్షణాలు ఎవరం మాట్లాడలేదు. ఆ పెద్దాయన నా చేతిలో లైటు తీసుకుని గేజు దగ్గరకు వంగి, దాని అద్దం మీద వేలితో రెండుసార్లు కొట్టాడు. గేజు కింది గొట్టం ముక్కలో ఎప్పటిదో కొంచెం నీరు ఉండిపోయింది. ఒత్తిడి ఎక్కిస్తున్నప్పుడు అది ఇంకా గడ్డకట్టకుండా జావలా ఉండి ఒత్తిడిని పైకి పోనిచ్చింది. తలుపు తెరిచి ఉన్నందువల్ల ఆ తరువాత గట్టిపడి బిరడా అయింది. ఆ ముప్పై నిమిషాలూ మేము చూసింది బావి ఒత్తిడి కాదు. బొటనవేలంత మంచు ముక్క పైన బందీ అయిన ఒత్తిడి.

తలుపు మూయించి, వేడిగాలి గొట్టం పెట్టించి, ఆ ముక్క విప్పి, శుభ్రం చేసి, లోపల మెథనాల్ నింపి, గేజు తిరిగి బిగించేసరికి గంటన్నర. రెండోసారి కూడా 1,820కే ఎక్కించారు. పదిహేను నిమిషాలకు 1,640. ముప్పై నిమిషాలకు 1,475. ఆగే సూచన లేదు. పది శాతమంటే 182, పడింది 345. ఆ పెద్దాయన ముఖం చూసి నాకు బాధ కలిగింది. ఆయన నన్ను మోసం చేయాలనుకోలేదు, తానూ ఆ ముల్లునే నమ్మాడు. ఫారంలో ఫెయిల్ రాసి, మొదటి పరీక్ష ఎందుకు చెల్లదో కింద నాలుగు వాక్యాలు రాసి ఆయనకు చూపించాను. ఆయన చదివి, "రాసింది నిజమే" అని తానే ముందు సంతకం చేశాడు. ఆ సాయంత్రమే తన పరిధిలోని బావులన్నిటి గేజు గొట్టాలు విప్పి చూడమని ఆయన తన మనుషులకు చెప్పినట్టు తరువాత తెలిసింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అంతకు ముందు శీతకాలంలో నేను సంతకం చేసిన పరీక్షలలో, ఒత్తిడి వదిలాక గేజు చూడకుండా వచ్చేసినవి ఎన్ని ఉన్నాయని నోట్‌బుక్కు ముందేసుకుని కూర్చున్నాను. పదకొండు దొరికాయి. వాటిలో తొమ్మిదింటిలో రీడింగులు కొద్దికొద్దిగా మారాయి కాబట్టి గేజు పనిచేసినట్టే. మిగిలిన రెండింటిలో రెండో రీడింగు, మూడో రీడింగు ఒకటే. ఆ రెండు బావుల సంగతి మర్నాడు ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పి, మళ్ళీ పరీక్ష పెట్టించాలని అడిగాను. తప్పు ఒప్పుకోవడానికి కొంత సిగ్గనిపించింది గానీ, ఆఫీసువాళ్ళు కోప్పడలేదు. రెండూ మళ్ళీ పరీక్షించారు, రెండూ పాసయ్యాయి. నేను స్వయంగా వెళ్ళి చూశాను.

ఆ ప్రాంతంలో మంచు పైనే కాదు, కిందా ఉంది. ప్రూడో బే దగ్గర నేల దాదాపు 600 మీటర్ల లోతు దాకా ఏడాది పొడుగునా గడ్డకట్టే ఉంటుంది. దాని గుండా వేడి చమురు ఏళ్ళ తరబడి పైకి వస్తే బావి చుట్టూ ఆ గడ్డ కరుగుతుంది, నేల కుంగుతుంది, కుంగే నేల కేసింగును పట్టి లాగుతుంది. నేను చేరిన కొత్తలో, 2017 ఏప్రిల్‌లో, ఒక పాత బావి ఇలాగే లోపల దెబ్బతిని, బావి తల పైకి లేచి, గ్యాసు, చమురు చిమ్మింది. దాన్ని అదుపు చేయడానికి మూడు రోజులు పట్టింది. అలాగే కట్టిన బావులన్నిటినీ గుర్తించి మూసి ఉంచమని కమిషన్ కంపెనీలను ఆదేశించింది. అప్పటినుంచి ఏ బావి గదిలోకి వెళ్ళినా గేజుకన్న ముందు నా చూపు బావి తల కిందికి పోతుంది. బావి చుట్టూ నేలలో దింపిన కండక్టరు గొట్టానికీ తలకీ మధ్య ఎడం కిందటిసారి కన్న పెరిగిందా, గోడ రేకు ఎక్కడైనా ఒరుసుకుందా అని చూస్తాను.

భద్రతా వాల్వుల పరీక్షలు మరో పెద్ద పని. బావి నుంచి పోయే గొట్టం ఎక్కడైనా తెగితే ఒత్తిడి పడిపోవడం పసిగట్టి బావిని దానంతట అదే మూసే వాల్వులు అవి. ఆరు నెలలకోసారి చూడాలి, ఒక చోట ఫెయిలైనవి పది శాతం దాటితే మూడు నెలలకోసారి. బావుల కోసం కంకర పోసి చదును చేసిన ఒక్కో ప్యాడ్ మీద పాతిక, ముప్పై బావులుంటాయి. ఒకదాని తరువాత ఒకటి, గది తలుపు తెరువు, చూడు, రాయి, మూయి.

నాకు ఇష్టమైన పని మాత్రం వేసవిలో వచ్చేది. పని అయిపోయిన బావిని సిమెంటుతో మూసి, అసలు నేల మట్టానికి కనీసం మూడు అడుగుల కింద కేసింగు కోసి, పైన ఉక్కు రేకు వెల్డింగ్ చేసి, దాని మీద కంపెనీ పేరు, బావి పేరు, అనుమతి సంఖ్య పూసగా వెల్డు చేసి, మట్టి కప్పుతారు. కోసిన చోట కేసింగుల మధ్య సిమెంటు పైదాకా నిండి ఉందో లేదో గుంటలోకి దిగి చూడాలి. ఒకసారి వెలితి కనిపించింది. పైనుంచి సిమెంటు పోసి నింపేదాకా రేకు పెట్టనివ్వలేదు. రాత్రి పదకొండు గంటలకు కూడా సూర్యుడు అస్తమించలేదు. దోమలు ముసురుతున్నాయి. పక్కన కరిబూ దుప్పుల మంద మేస్తోంది. వెల్డరు ఒక్కో అక్షరం నింపుతుంటే నేను అనుమతి కాగితం పట్టుకుని, అంకె అంకె పోల్చి చూశాను. ఆ రేకు మీద తప్పు పడితే యాభై ఏళ్ళ తరువాత ఎవరికైనా అక్కడ ఏ బావి ఉందో తెలిసే దారి ఉండదు.

ఫిబ్రవరిలో ఫెయిలైన ఆ ఇంజెక్షన్ బావికి రిగ్గు తెచ్చి ట్యూబింగ్ మార్చారు. మే మొదటి వారంలో తిరిగి పరీక్షకు కబురొచ్చింది. అప్పటికి పగలు దాదాపు ఇరవై గంటలకు చేరింది, గది తలుపు తెరిచినా మైనస్ 6 కంటే చలి లేదు. అదే పెద్దాయన ఉన్నాడు. నేను అడగకముందే గేజు కింది గొట్టం ముక్క విప్పి, బోర్లించి చూపించి, తిరిగి బిగించాడు. 1,840 దగ్గర ఆపారు. పదిహేను నిమిషాలకు 1,815, ముప్పై నిమిషాలకు 1,806. ఆయన ట్రక్కు డ్రైవరుకు చెయ్యి ఊపాడు. ద్రవం తొట్టిలోకి తిరిగి వస్తున్న చప్పుడు వినిపించింది. మా ఇద్దరి ఎదుటా ముల్లు 1,000 దాటి, 500 దాటి, వణుకుతూ సున్నా మీదికి వచ్చి ఆగింది. నేను పెన్సిలు తీశాను.